ఉద్యానం ఎంత చల్లన? ఆరు వారాల కొలతల డైరీ

1వ రోజు

ఎండాకాలపు మధ్యాహ్నం పెద్ద రోడ్డు మీద నుంచి ఉద్యానంలోకి అడుగుపెట్టగానే ప్రాణం లేచి వచ్చినట్టు ఉంటుంది. ఆ హాయిలో గాలి చల్లదనం వాటా ఎంత, నీడ వాటా ఎంత, చెట్లు వదిలే ఆవిరి వాటా ఎంత అన్నది విడదీసి కొలవాలన్నది ఈ ప్రాజెక్టు ఉద్దేశం. ఎంచుకున్న ఉద్యానం విస్తీర్ణం సుమారు 3 హెక్టార్లు. అందులో సగం పాత చెట్ల తోపు, పావు వంతు పచ్చిక, మిగిలినది ఆటస్థలం, నడకదారులు. చుట్టూ నాలుగైదు అంతస్తుల ఇళ్ళు, ఒక పెద్ద రోడ్డు, తారు పరిచిన ఒక పార్కింగు స్థలం ఉన్నాయి. ఆరు చోట్ల కొలత పెట్టెలు పెట్టి, వాటిని తోపు, పచ్చిక, గేటు, సందు, పెద్ద రోడ్డు, పార్కింగు అనే పేర్లతోనే పిలవాలని నిర్ణయించాను. సందు గేటు నుంచి 60 మీటర్ల దూరంలో ఉంటుంది, పెద్ద రోడ్డు పెట్టె 200 మీటర్ల దూరంలో ఉంటుంది.

నగరం పల్లె కన్నా వేడిగా ఉంటుందని అంకెలతో చూపిన తొలి వ్యక్తి లండన్‌కు చెందిన ల్యూక్ హోవార్డ్. ఆయన వృత్తి మందుల తయారీ. మేఘాలకు సిర్రస్, క్యుములస్, స్ట్రాటస్ అన్న పేర్లు పెట్టినదీ ఆయనే. 19వ శతాబ్దపు తొలి దశాబ్దాల కొలతలను పోల్చి, లండన్ రాత్రిపూట చుట్టుపక్కల పల్లెల కన్నా 3.7 ఫారెన్‌హీట్ డిగ్రీలు, అంటే సుమారు 2 సెల్సియస్ డిగ్రీలు వెచ్చగా ఉంటుందని, పగటిపూట మాత్రం 0.34 ఫారెన్‌హీట్ డిగ్రీ మేర చల్లగానే ఉంటుందని ఆయన తేల్చాడు. నాకు కావలసింది మధ్యాహ్నపు సంగతి కాబట్టి రాత్రి లెక్కను ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను.

3వ రోజు

సెన్సర్లుగా ఎస్‌హెచ్‌టీ31 రకం తీసుకున్నాను. ఇవి ఉష్ణోగ్రతను మామూలుగా 0.2 డిగ్రీల లోపు తేడాతో చూపుతాయి, గాలిలోని తేమను కూడా చెబుతాయి. ఇంతకన్నా చవకైన డీహెచ్‌టీ22 అర డిగ్రీ వరకు తప్పు చూపవచ్చు, నేను వెతుకుతున్న తేడాయే డిగ్రీ, రెండు డిగ్రీలు అయినప్పుడు అది పనికిరాదు. ప్రతి పెట్టెలో ఒక చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు, మెమరీ కార్డు, కరెంటు పోయినా సమయం మరచిపోని గడియారపు చిప్పు, బ్యాటరీ ఉన్నాయి. అయిదు నిమిషాలకు ఒకసారి కొలత నమోదవుతుంది.

సెన్సర్ మీద ఎండ పడితే అది గాలి వేడిని కాక తన ఒంటి వేడిని చెబుతుంది. అందుకే వాతావరణ కేంద్రాల్లో థర్మామీటర్లను ఏటవాలు చెక్కపట్టీలతో చేసిన తెల్లటి పెట్టెలో ఉంచుతారు. దీపస్తంభాల ఇంజనీరు థామస్ స్టీవెన్‌సన్ రూపొందించినది కావడంతో దానికి ఆయన పేరే స్థిరపడింది. నాకు అంత వడ్రంగం రాదు. పూలకుండీల కింద పెట్టే ప్లాస్టిక్ పళ్ళేలను బోర్లించి, మధ్యలో రెండు వేళ్ళ సందు ఉండేటట్టు ఒకదాని మీద ఒకటి పేర్చి, పొడవాటి బోల్టులతో బిగించి, లోపలా వెలుపలా తెల్లరంగు వేశాను. లోపలి పళ్ళేల నడుమ భాగాన్ని కోసి సెన్సర్‌ను వేలాడదీశాను. నేలకు 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తులో కొలవాలన్నది ప్రపంచ వాతావరణ సంస్థ నియమం. నేను అన్నింటికీ 1.5 మీటర్ల ఎత్తు పెట్టుకున్నాను.

5వ రోజు

పెట్టెలను బయటికి తీసుకుపోయే ముందు ఆరు సెన్సర్లనూ ఒకే థర్మాకోల్ డబ్బాలో పెట్టి, మూత వేసి, రాత్రంతా ఉంచాను. అన్నీ ఒకే గాలిలో ఉన్నాయి కాబట్టి అన్నీ ఒకే అంకె చూపాలి. అయిదు బాగానే కలిశాయి, ఆరోది మాత్రం రాత్రి పొడవునా మిగతా వాటి కన్నా 0.4 డిగ్రీ ఎక్కువ చూపింది. దాన్ని పారేయవలసిన పని లేదు, తప్పు ఎప్పుడూ ఒకే మేరకు ఉన్నంతకాలం ఆ మేరను తీసివేసి లెక్కలోకి తీసుకోవచ్చు. సెన్సర్లన్నీ కలిసికట్టుగా తప్పితే ఈ పద్ధతిలో బయటపడదు గాని, నాకు కావలసింది ఒక చోటికీ మరో చోటికీ మధ్య తేడాయే కాబట్టి ఆ లోపం నన్ను పెద్దగా బాధించదు. సవరణ అంకెను ఆరో పెట్టె మూత మీద మార్కర్‌తో రాశాను. కాగితం మీద రాసుకుంటే పోతుందని అనుభవం.

9వ రోజు

మూడు రోజుల కొలతలు చేతికి వచ్చాయి. మధ్యాహ్నం పార్కింగు పెట్టె తోపు కన్నా కొన్నిసార్లు 4 డిగ్రీలకు పైగా వేడి చూపింది. మొదటి గంట సేపు సంబరపడ్డాను. ఆ తర్వాత గ్రాఫును దగ్గరగా చూస్తే ఆ పెద్ద తేడాలన్నీ రంపపు పళ్ళలా పైకి లేచి, నిమిషాల వ్యవధిలో కిందికి దిగుతున్నాయి. అంత స్థలంలోని గాలి అంత తొందరగా వేడెక్కి చల్లబడదు.

అనుమానం తీర్చుకోవడానికి మిట్టమధ్యాహ్నం పార్కింగు పెట్టె పక్కనే నిలబడి చిన్న రిబ్బను ముక్కను కర్రకు కట్టి చూశాను. రిబ్బను కదలకుండా వేలాడినప్పుడల్లా అంకె పెరుగుతోంది, గాలి వీచగానే తగ్గుతోంది. అంటే వేడెక్కుతున్నది గాలి కాదు, నా పళ్ళేలు. తారు మీద పడిన ఎండలో కొంత పైకి ప్రతిఫలించి, పళ్ళేల సందుల్లోంచి లోపలికి వచ్చి, నేను శ్రద్ధగా తెల్లరంగు వేసిన లోపలి వైపుల మధ్య అటూ ఇటూ తుళ్ళుతూ సెన్సర్‌ను చేరుతోంది. వెలుపల తెలుపు, అడుగు వైపు నలుపు ఉండాలన్నది ఈ పని తెలిసినవాళ్ళు మొదటి రోజే చేసే ఏర్పాటని తర్వాత అర్థమైంది. తోపులోని పెట్టె మీద ఎండే పడదు కాబట్టి దానికి ఈ జబ్బు లేదు, ఆ కారణంగా రెండింటి మధ్య తేడా ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపించింది.

ఆరు పెట్టెలనూ దించి, పళ్ళేల అడుగు వైపులకు నల్లరంగు వేసి, ప్రతి దానికీ పాత కంప్యూటరు నుంచి తీసిన చిన్న ఫ్యాను బిగించాను. ఫ్యాను గాలిని కింది నుంచి పైకి లాగుతూ ఉంటే సెన్సర్ దగ్గర గాలి నిలవ ఉండదు. బ్యాటరీ ఖర్చు పెరిగింది గాని రంపపు పళ్ళు మాయమయ్యాయి. వాటితో పాటు నేను నలుగురికీ గర్వంగా చూపించాలనుకున్న తేడాలో సగం మాయమైంది. ఆ మూడు రోజుల డేటాను తుడిచివేయకుండా వేరే ఫోల్డరులో ఉంచాను.

14వ రోజు

సరిచేసిన పెట్టెలతో నాలుగు నిర్మలమైన రోజులు దొరికాయి. మధ్యాహ్నం రెండు గంటల నుంచి నాలుగు గంటల వరకు తోపులోని గాలి పెద్ద రోడ్డు గాలి కన్నా సగటున డిగ్రీ పైచిలుకు చల్లగా ఉంది. పచ్చిక మీద అర డిగ్రీ తేడా కూడా నిలకడగా రాలేదు. గేటు దగ్గర కొంత ఉంది, సందు దగ్గరికి వచ్చేసరికి తేడా నా కొలతల పొరపాటు హద్దులోకి జారిపోయింది.

నిరాశ కలిగిన మాట నిజమే. అయితే ఈ అంకె విడ్డూరమైనదేమీ కాదు. బ్రిటన్‌లోని బాంగర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అనేక నగరాల్లో జరిగిన అధ్యయనాలను కలిపి 2010లో ప్రచురించిన సమీక్షలో, పగటిపూట ఉద్యానాలు సగటున 0.94 డిగ్రీ చల్లగా ఉంటాయని తేలింది. గాలి ఒకచోట నిలవదు, మూడు హెక్టార్ల తోపు చల్లబరిచిన గాలిని వీచే గాలి నిమిషాల్లో ఊడ్చుకుపోయి వీధుల గాలితో కలిపేస్తుంది. అందువల్ల గాలి ఉష్ణోగ్రత ఒక్కదానితోనే ఉద్యానాన్ని తూచితే దానికి అన్యాయం జరుగుతుంది. ఒక్క డిగ్రీ తేడాకు ఒంటికి ప్రాణం లేచి రాదు. ఒళ్ళు గుర్తిస్తున్నది మరేదో ఉంది, నా సెన్సర్ల మీద పడకుండా నేను రెండు వారాలుగా కష్టపడి అడ్డుకుంటున్న వికిరణమే, అంటే ఎండ, కాగిన నేల వెదజల్లే సెగే అది కావాలి.

16వ రోజు

వికిరణాన్ని కొలవడానికి నల్ల గోళపు థర్మామీటరు కావాలి. ప్రామాణికమైనది 150 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న బోలు రాగి గోళం. దాని బదులు 40 మిల్లీమీటర్ల టేబుల్ టెన్నిస్ బంతులకు మెరుపు లేని బూడిదరంగు వేసి, చిన్న రంధ్రం చేసి, నడుమకు డీఎస్18బీ20 అనే ఉష్ణోగ్రత సెన్సర్‌ను దూర్చి, జిగురుతో మూశాను. పొడుచుకు వచ్చే తీగకు తెల్ల టేపు చుట్టాను, లేకపోతే తీగ వెంట వేడి లోపలికి పాకుతుంది. ఇంత చిన్న బంతిని గాలి తొందరగా చల్లబరుస్తుంది కాబట్టి ఎండలో ఇది ప్రామాణిక గోళం కన్నా తక్కువే చూపుతుంది. నా తేడాలు అసలు కన్నా చిన్నవిగా వస్తాయే తప్ప పెద్దవిగా రావన్నది నాకు ఒక ధైర్యం.

మొదటి మధ్యాహ్నమే విషయం తేలిపోయింది. పార్కింగు దగ్గర బంతి గాలి కన్నా 11 డిగ్రీలు ఎక్కువ చూపింది. తోపులో బంతికీ గాలికీ తేడా ఒక డిగ్రీ లోపే ఉంది. గాలి ఉష్ణోగ్రతలో డిగ్రీ పైచిలుకు మాత్రమే తేడా ఉన్న రెండు చోట్ల, నిలబడిన మనిషి ఒంటికి తగిలే వేడిలో ఇంత ఎడం ఉంది.

దీని వెనుక లెక్క కష్టమైనది కాదు. నిర్మలమైన రోజున సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు నేల మీద ప్రతి చదరపు మీటరుకు సుమారు 1000 వాట్ల ఎండ పడుతుంది. కొత్త తారు అందులో 5 శాతం మాత్రమే వెనక్కి పంపి మిగిలినదంతా మింగుతుంది. పాతబడి బూడిదరంగుకు తిరిగిన తారు 10 నుంచి 15 శాతం వరకు వెనక్కి పంపుతుంది. మింగిన వేడితో అది కాగి, తాను కూడా కంటికి కనిపించని పరారుణ వికిరణాన్ని వెదజల్లుతుంది. ముట్టుకోకుండానే ఉపరితలపు వేడిని చెప్పే పరారుణ థర్మామీటరుతో చూస్తే పార్కింగు తారు 60 డిగ్రీలు దాటింది, తోపులో ఆకులు 35 డిగ్రీల దగ్గర ఉన్నాయి. ఉపరితలం వేడిని బట్టి అది ఎంత వికిరణం వెదజల్లుతుందో చెప్పే స్టీఫాన్-బోల్ట్‌జ్‌మన్ సూత్రం ప్రకారం 60 డిగ్రీల ఉపరితలం చదరపు మీటరుకు దాదాపు 700 వాట్లు, 35 డిగ్రీల ఉపరితలం 510 వాట్లు వెదజల్లుతాయి. అంటే పార్కింగులో నిలబడినవాడికి పైనుంచి ఎండతో పాటు కాళ్ళ కింద నుంచి కూడా అదనపు సెగ తగులుతూ ఉంటుంది. చెట్టు కింద నిలబడినవాడికి పైనుంచి వచ్చేదాన్ని ఆకులు అడ్డుకుంటాయి, కింద నేల ముందే నీడలో ఉంది కాబట్టి కాగనే లేదు. రేకు పందిరి కూడా నీడనిస్తుంది, కాకపోతే రేకు తానే కాగి కిందివాళ్ళ నెత్తిన సెగ కక్కుతుంది. ఆకు మాత్రం నీటిని ఆవిరి చేస్తూ గాలి వేడికి అటూ ఇటూగానే ఉండిపోతుంది.

ఉపగ్రహ చిత్రాల గురించి ఒక మాట ఇక్కడే రాసుకోవాలి. నగరంలో పచ్చని జాగాలు పది డిగ్రీలు చల్లగా ఉంటాయని చెప్పే రంగుల పటాలు చాలావరకు ఉపరితలపు వేడిని చూపేవే. వాటిని గాలి వేడి అనుకుని చదివితే నాలాగే బోల్తా పడతారు. 2013లో ప్రయోగించిన ఉపగ్రహం ల్యాండ్‌శాట్ 8 ఉష్ణ చిత్రంలో ఒక్కో చుక్క 100 మీటర్ల వెడల్పు ఉంటుంది, అంటే ఒక హెక్టారు. నా ఉద్యానమంతా కలిపి దానికి మూడు చుక్కలు. పైగా అది ఉదయం పది గంటల ప్రాంతంలో దాటిపోతుంది, చెట్ల నెత్తిని చూస్తుందే గాని చెట్ల కింది మనిషిని చూడదు.

18వ రోజు

పెద్ద రోడ్డు దగ్గర పెట్టె కనిపించలేదు. బోల్టులు మాత్రం శ్రద్ధగా విప్పి స్తంభం మొదట్లో పెట్టి ఉన్నాయి. విడి సెన్సర్‌తో మరో పెట్టె తయారుచేసి, ఈసారి మనిషి చేతికి అందకుండా పెట్టాలంటే ఎత్తు నియమం తప్పుతుంది కాబట్టి, ఒక ఇంటి ప్రహరీ లోపల పెట్టుకోవడానికి అనుమతి తీసుకున్నాను.

22వ రోజు

సాయంత్రం బ్యాటరీలు మారుస్తుంటే, ఇన్నాళ్ళూ నా పెట్టెలను వింతగా చూస్తున్న తోటమాలి దగ్గరికి వచ్చి, ఏం కనిపెట్టారని అడిగారు. తోపు అన్నింటికన్నా చల్లగా ఉందని చెప్పాను. ఆయన నవ్వి, "పగటికి అంతే బాబూ. రాత్రికి మాత్రం చల్లదనం కావాలంటే చెట్ల కింద కాదు, పచ్చిక మధ్యలో కూర్చోవాలి. తెల్లవారుజామున చూడండి, అక్కడ గడ్డి తడిసి ఉంటుంది, చెట్ల కింద పొడిగా ఉంటుంది" అన్నారు.

ఇంటికి వచ్చి, ఇన్ని రోజులుగా తెరిచి చూడని రాత్రి కొలతలను గ్రాఫుగా గీశాను. సూర్యాస్తమయం తర్వాత గంటన్నరకు పచ్చిక గీత తోపు గీతను దాటి కిందికి దిగిపోయింది, తెల్లవారే వరకు కిందనే ఉంది. గాలి లేని రాత్రుల్లో సందుకూ పచ్చికకూ తేడా 2 డిగ్రీలకు పైగా ఉంది, మధ్యాహ్నం తోపు చూపిన తేడా కన్నా ఇది ఎక్కువ. హోవార్డ్ రెండు శతాబ్దాల కిందటే రాత్రి గురించి చెప్పిన మాటను మొదటి రోజే రాసుకుని కూడా పక్కన పెట్టినందుకు సిగ్గుపడ్డాను.

రాత్రి చల్లబడడమంటే నేల తన వేడిని ఆకాశంలోకి వెదజల్లడం. ఆకాశం ఎంత విశాలంగా కనిపిస్తే వేడి అంత తేలికగా పోతుంది. పగలు ఎండను ఆపిన ఆకుల కప్పే రాత్రి నేల వేడిని కూడా కొంత ఆపుతుంది. సందులో ఆ పని గోడలు చేస్తాయి, పైగా పగలంతా మింగిన వేడిని అవి తీరిగ్గా బయటికి వదులుతాయి. ఫోనుకు చేపకన్ను లెన్సు తగిలించి, ప్రతి పెట్టె దగ్గర నిటారుగా పైకి ఫోటో తీసి, అందులో ఆకాశం వాటా లెక్కగట్టాను. పచ్చిక మీద 0.8, సందులో 0.3, తోపులో 0.15 వచ్చాయి. కెనడా శాస్త్రవేత్త టి.ఆర్. ఓక్ నగర కేంద్రంలో కనిపించే ఆకాశం వాటాకూ, గాలి లేని నిర్మల రాత్రుల్లో ఆ నగరం పల్లె కన్నా గరిష్ఠంగా ఎంత వెచ్చగా ఉంటుందన్నదానికీ 1980ల ఆరంభంలో ఒక సూత్రం కట్టాడు. 15.27 లోంచి ఆకాశం వాటాను 13.88తో గుణించి తీసివేయాలి. వాటా 0.3 అయితే 11 డిగ్రీల పైచిలుకు, 0.6 అయితే 7 డిగ్రీల లోపు వస్తుంది. ఇది ఏడాదిలో అతి తీవ్రమైన రాత్రుల లెక్క, నా మామూలు రాత్రులకు వర్తించదు. అయినా వీధి ఇరుకుదనానికి ఎంత శక్తి ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది.

23వ రోజు

పచ్చిక మీద చల్లబడిన గాలి ఎటు పోతుందో చూడాలనిపించింది. చల్లని గాలి బరువైనది కాబట్టి నేల బారున పారాలి. అంత నెమ్మదైన గాలి గాలిమరను తిప్పలేదు. పిల్లలు ఊదే సబ్బు బుడగల డబ్బా ఒకటి తీసుకుని రాత్రి పదకొండు గంటలకు గేటు దగ్గర కూర్చున్నాను. బుడగలు మోకాలి ఎత్తులో నిదానంగా గేటులోంచి వీధిలోకి సాగాయి. రెండు మీటర్ల ఎత్తులో ఊదినవి ఎటూ పోక తచ్చాడాయి. ప్రహరీ గోడ వెంట లోపలి వైపు ఊదిన బుడగలు గోడకు ఆనుకుని ఆగిపోయాయి. అంటే పచ్చిక రాత్రంతా తయారుచేసే చల్లదనంలో ఎక్కువ భాగాన్ని నిరేటుగా కట్టిన గోడ లోపలే నిలబెడుతోంది, గేటు ఉన్న ఒక్క చోటే అది వీధికి అందుతోంది. ఆ గోడను ఊచల కంచెగా మారిస్తే చాలని నాకు అనిపించింది.

ఇదే సూత్రాన్ని జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరం మొత్తానికి వర్తింపజేశారు. కొండల నడుమ గిన్నెలాంటి లోయలో ఉన్న ఆ నగరంలో రాత్రిపూట కొండవాలుల నుంచి దిగే చల్లగాలికి అడ్డుగా భవనాలు లేవకుండా దారులు విడిచిపెడతారు, ఈ పని కోసం 1938లోనే నగరపాలన వాతావరణ నిపుణుణ్ణి నియమించుకుంది.

27వ రోజు

తోటమాలితో మాట్లాడి, పచ్చికలో అయిదు మీటర్ల చదరపు ముక్కకు కొన్ని రోజులుగా నీళ్ళు పెట్టలేదు. ఈరోజు మధ్యాహ్నం పరారుణ థర్మామీటరుతో చూస్తే తడి గడ్డి 37 డిగ్రీలు, ఎండిన ముక్క 51 డిగ్రీలు చూపాయి. పక్కనే ఉన్న ఆటస్థలపు మట్టి నేలకూ ఎండిన గడ్డికీ పెద్ద తేడా లేదు. రంగు మారినంత మాత్రాన ఇంత తేడా రాదు, ఆవిరి కావడానికి నీళ్ళు లేకపోవడమే కారణం.

ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి దాదాపు 2.4 మెగాజౌళ్ళ వేడి కావాలి, కరెంటు మీటరు భాషలో 0.68 యూనిట్లు. నీటికి లోటు లేని ఒక పెద్ద చెట్టు ఎండ రోజున 100 లీటర్ల నీటిని ఆవిరిగా వదిలిందనుకుంటే 68 యూనిట్ల వేడి ఆ ఆవిరిలో దాగి వెళ్ళిపోయినట్టు. అయితే ఈ లెక్క చూపి చెట్టును ఏసీతో పోల్చే అలవాటు నాకు నచ్చదు. ఏసీ మూసిన గదిని చల్లబరుస్తుంది, చెట్టుకు గోడలు లేవు, దాని చల్లదనం నగరపు గాలిలో పలచబడిపోతుంది. పైగా చెట్టు తన ఇష్టం వచ్చినప్పుడు కుళాయి కట్టేస్తుంది. నేల ఎండినా, గాలి మరీ పొడిగా ఉన్నా నీటిని కాపాడుకోవడానికి ఆకులు పత్రరంధ్రాలను మూసుకుంటాయి. సరిగ్గా చల్లదనం ఎక్కువగా కావలసిన వడగాడ్పుల మధ్యాహ్నాల్లోనే ఇలా జరిగే అవకాశం ఎక్కువ. అప్పుడు కూడా నీడ మాత్రం మిగులుతుంది.

పచ్చికకు ఆ మిగులు లేదు. 2021లో ఐరోపాలోని 293 నగరాల ఉపగ్రహ కొలతలను పరిశీలించిన అధ్యయనం, చెట్లు ఉపరితలాన్ని చల్లబరిచే మేర చెట్లు లేని పచ్చని జాగాల కన్నా 2 నుంచి 4 రెట్లు ఎక్కువని చూపింది. ఎండిన ముక్కకు సాయంత్రమే నీళ్ళు వదిలాము. గడ్డి పూర్తిగా చచ్చిపోలేదని తోటమాలి అంటున్నారు గాని, ఆయన ముఖం చూస్తే మళ్ళీ అడిగే ధైర్యం లేదు.

32వ రోజు

ఆరు పెట్టెలు ఆరు చుక్కలనే చూపుతాయి, వాటి మధ్య ఏముందో చెప్పవు. అందుకని ఏడో పెట్టెను సైకిలు ముందు భాగాన బిగించి, ఉద్యానం చుట్టుపక్కల వీధుల్లో తిరిగాను. ఈ ఆలోచనకు చరిత్ర ఉంది. 1927లోనే వియన్నాలో విల్‌హెల్మ్ ష్మిట్ మోటారు కారుకు థర్మామీటరు తగిలించి నగరమంతా తిరిగాడు. అమెరికాలోని మాడిసన్ నగరంలో కార్లీ జిటర్ బృందం సైకిళ్ళ మీద సెన్సర్లతో చేసిన పని 2019లో వెలువడింది. నాలుగు వీధుల నడుమ జాగాలో ఆకుల కప్పు 40 శాతం దాటిన తర్వాతే పగటి చల్లదనం గట్టిగా పెరగడం మొదలవుతుందని వాళ్ళు గమనించారు. అక్కడొక చెట్టు, ఇక్కడొక చెట్టు నాటి ఫోటో దిగేవాళ్ళకు ఈ సంగతి నచ్చకపోవచ్చు.

మొదటి రోజు ఫలితం నవ్వు తెప్పించింది. ఉద్యానపు చల్లదనం తూర్పు వీధిలో 80 మీటర్ల దూరం సాగి, పడమటి వీధిలో ఉద్యానం లోపలే ముగిసిపోయింది. కారణం సెన్సర్ మందకొడితనం. దాన్ని అరచేతిలో వెచ్చబెట్టి వదిలితే తేడాలో 63 శాతం దిగడానికి 20 సెకన్లు పట్టింది. సైకిలు సెకనుకు 4 మీటర్లు పోతే, సెన్సర్ చెప్పేది 80 మీటర్ల వెనుకటి కబురు. ఆ తర్వాత నుంచి ప్రతి వీధినీ రెండు దిశల్లోనూ తొక్కి సగటు తీసుకున్నాను. తిరిగే నలభై నిమిషాల్లో నగరమంతా చల్లబడడమో వేడెక్కడమో జరుగుతుంది కాబట్టి, పెద్ద రోడ్డు పెట్టెలో ఆ సమయానికి వచ్చిన మార్పును కూడా తీసివేశాను.

ఇన్ని సవరణల తర్వాత మిగిలిన బొమ్మ ఇది. గాలి వీచే దిశలో ఉద్యానం దాటాక చల్లదనం రెండో వీధి వరకు ఆనవాలుగా ఉంది, ఎదురు దిశలో గేటు దాటగానే పోయింది. మెక్సికో నగరంలోని చాపుల్తెపెక్ ఉద్యానం చల్లదనం దాని వెడల్పంత దూరం, అంటే దాదాపు 2 కిలోమీటర్ల వరకు చేరుతుందని అక్కడి కొలతలు చూపాయి. అది వందల హెక్టార్ల అడవిలాంటి ఉద్యానం. నా మూడు హెక్టార్లకు ఒకటి రెండు వీధులే దక్కడం ఆ లెక్కకు సరిపోయింది.

37వ రోజు

తోపులో తేమ ఎప్పుడూ బయటి కన్నా ఎక్కువగానే ఉంది. తేమ ఎక్కువైతే చెమట ఆరదు కదా, చెట్ల వల్ల లాభం అక్కడే కొంత కరిగిపోదా అన్న సందేహానికి జవాబు కోసం గాలి వేడి, తేమ, ఎండ సెగ మూడింటినీ ఒకే అంకెలో కలిపే తడిగోళ సూచిక లెక్కించాను. 1950లలో అమెరికా సైనిక శిక్షణ శిబిరాల కోసం తయారైన ఈ సూచికలో, తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు అంకెకు 0.7, నల్లగోళం అంకెకు 0.2, గాలి ఉష్ణోగ్రతకు 0.1 వాటా ఇస్తారు. పార్కింగుకూ తోపుకూ మధ్య బంతి అంకెలో 12 డిగ్రీల తేడా ఉంటే సూచికలో ఆ ఒక్కదాని వల్లే 2.4 డిగ్రీల తేడా వస్తుంది. తడి థర్మామీటరు అంకె రెండు చోట్లా దాదాపు సమానంగా ఉంది, తోపులో గాలి చల్లదనం తగ్గించినదాన్ని తేమ తిరిగి పెంచేసింది. అంటే తేమ వల్ల నష్టం పెద్దగా లేదు, లాభమంతా నీడదే.

ఒక్క మూల మాత్రం దీనికి ఎదురు తిరిగింది. తోపు చివర మనిషెత్తు పొదలు దట్టంగా అల్లుకున్న చోట గాలి ఆడదు. అక్కడ నీడ ఉన్నా సూచిక తోపు నడుమ కన్నా ఎక్కువగా వచ్చింది. తల పైన కప్పు దట్టంగా, మనిషి నిలబడే ఎత్తులో ఖాళీగా ఉన్న చోటే అన్నింటికన్నా హాయిగా ఉంది. కొత్తగా తోటలు వేసేవాళ్ళు పొదలను అంచులకు, పొడవాటి చెట్లను నడక దారులకు ఉంచితే మేలు.

42వ రోజు

పెట్టెలు దించవలసిన రోజు. మూడు దించాను, మూడు ఉంచాను. పచ్చిక పెట్టె ఏడాది పొడవునా రాత్రులను నమోదు చేయాలి. గేటు దగ్గర పెట్టె, ప్రహరీలో కొంత భాగాన్ని ఊచల కంచెగా మార్చాలని నేను రాసిచ్చిన వినతి ఫలిస్తే ముందు వెనుకల తేడా చూడడానికి ఉండాలి. వినతితో పాటు బుడగల వీడియో కూడా ఇచ్చాను, అందులో అంకెలేమీ లేకపోయినా చూసినవాళ్ళందరికీ అర్థమైంది అదొక్కటే.

పార్కింగు పెట్టెనూ, ఒక బూడిదరంగు బంతినీ అక్కడి నుంచి తీసి, పెద్ద రోడ్డు మీద పడమటి ఎండ నేరుగా కొట్టే బస్ స్టాపు పక్కన పెట్టాను. మధ్యాహ్నం మూడు గంటలకు నీడ ఎక్కడ పడుతుందో తాడుతో నేల మీద గుర్తులు పెట్టుకుని, ఆ లెక్క ప్రకారం నైరుతి వైపున, తారును చదరపు మీటరున్నర మేర తవ్వి, తోటమాలి సాయంతో మూడు మొక్కలు నాటాము. ప్రస్తుతం వాటి నీడ వాటి మొదళ్ళకే సరిపోవడం లేదు. ఫైలుకు "చెట్లు లేని బస్ స్టాపు" అని పేరు పెట్టి ఈరోజు కొలతలతో ప్రారంభించాను. మొదటి రోజు మూడు గంటలకు బంతికీ గాలికీ తేడా 10.6 డిగ్రీలు ఉంది.